మార్పేమన్నా ఉందా?

మా ఆయన ఎడమ చెవి కుడి చెవి కంటే కాస్త చదునుగా ఉండేది. పెళ్ళైన కొత్తలో రెండూ ఒక్కలాగే ఉండేవి. ముప్పై ఏళ్ళు ఇనప రాడ్డుకి ఆనించి ఆనించి ఎడమది అణిగిపోయింది. అద్దం ముందు తల దువ్వుకుంటూ "ఇదే మనకి తిండి పెట్టేది, దీన్నేం అనకు" అనేవారు. నేనేమీ అనకపోయినా అనేవారు.

ఆయనది నీళ్ళ ఆఫీసులో లీకులు వినే పని. అలాంటి పని ఒకటుంటుందని పెళ్ళికి ముందు నాకూ తెలీదు. భూమిలో గొట్టం చిట్లితే పైకేమీ కనపడదు. నీళ్ళు లోపల్లోపలే మట్టిలోకి ఇంకిపోతుంటాయి, వీధి చివరి ఇళ్ళకి కుళాయి సన్నబడిపోతుంది. అప్పుడు ఆయన వెళ్ళి వాల్వు మూత తీసి, మనిషంత పొడుగు రాడ్డు ఒక కొస వాల్వు మీద పెట్టి, రెండో కొస చెవికి ఆనించి కళ్ళు మూసుకుని నిలబడేవారు. గొట్టం బాగుంటే నిశ్శబ్దమట. లీకుంటే లోపల ఎవరో పళ్ళ సందున ఊదినట్టు వినపడుతుందట. ఆ ఊదుడు ఎక్కడ గట్టిగా ఉందో వినుకుంటూ పోయి, అక్కడ రోడ్డు మీద సుద్దతో గుండ్రంగా గీసేవారు.

గీసినచోట తవ్వే మనిషి ఇంకొకడు. పొడుగ్గా సన్నగా ఉంటాడని అందరూ అతన్ని గునపం అనే పిలుస్తారు. ఆయన్ని బావా అంటాడు, నన్ను చెల్లెమ్మా అంటాడు.

"బావా, ఈసారి గానీ పొడి మన్ను వచ్చిందో, నిన్నే ఆ గోతిలో పెట్టి పూడుస్తా."

"ముందు తవ్వరా. పూడ్చే సంగతి తర్వాత చూద్దాం."

పొడి మన్ను వచ్చిన రోజులు తక్కువే.

వినేటప్పుడు ఆయన కుడి అరచెయ్యి గాల్లోకి లేచేది. ఆ చెయ్యి దిగేదాకా ఎవరూ నోరెత్తకూడదు. అది ఆయన పెట్టిన ఒకే ఒక్క రూలు. లారీ తోలేవాళ్ళు కూడా ఆ చెయ్యి చూసి బండి ఆపేసేవాళ్ళు. ఇంట్లోనూ అంతే. వంటింట్లో కుళాయి చుక్క పడుతుంటే ముందు గదిలోంచే చెయ్యి లేచేది. నేనూ, మా వదినా ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోయేవాళ్ళం. వదినంటే ఆయన అక్క. భర్త పోయాక మాతోనే ఉంటోంది. "గోడలకి చెవులుంటాయంటారు, మా తమ్ముడు గోడకే చెవి పెడతాడు" అని నవ్వేది.

అంత చెవి ఉన్న మనిషి తన లోపలి సంగతి మాత్రం నాకు వినపడనివ్వలేదు. దొడ్డికెళ్ళినప్పుడు రక్తం పడుతోందని ఎనిమిది నెలలు దాచారు. మొలలేమో అనుకున్నారట. మనిషి చిక్కిపోయి, మెట్లెక్కితే ఆయాసపడుతుంటే నేనే గొడవపెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పెద్దపేగు కిందివైపు గడ్డ. అప్పటికే కాలేయంలో నాలుగు చోట్ల పాకింది. ఊళ్ళో లీకులన్నీ పట్టారు గానీ, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నట్టు, తనది తాను పట్టుకోలేకపోయారు.

డాక్టరమ్మ చిన్న వయసే గానీ మాట నిదానం. మామూలు కీమోతో పాటు రెండు వారాలకోసారి ఇంకో మందు కూడా ఎక్కించింది. ఆ మందు పడ్డ పది రోజులకి ఆయన మొహం నిండా ఎర్రటి మొటిమల్లాంటివి లేచాయి. గోళ్ళ పక్కన చర్మం పగిలింది. వదిన చూసి, "ఏరా, యాభై నాలుగేళ్ళకి నీకు ఈడొచ్చిందట్రా?" అంది. డాక్టరమ్మ మాత్రం, "అవి వస్తే మందు పట్టుకుందనడానికి ఒక గుర్తు లెండి" అంది. నిజంగానే గడ్డలు సగానికి తగ్గాయి. పధ్నాలుగు నెలలు బాగా గడిచాయి. తర్వాత మళ్ళీ పెరగడం మొదలెట్టాయి. ఆ మందు ఆపేసి వేరే మందులు పెట్టారు. అవి అయిదు నెలలు లాక్కొచ్చి, అవీ చేతులెత్తేశాయి.

ఈ రెండేళ్ళలో మా ఇంటికి ఎవరొచ్చినా ఒకటే ప్రశ్న. పక్కింటావిడ గోడ మీంచి, పాలు పోసేవాడు గుమ్మంలోంచి, గునపం ఫోన్లో, వదిన పొద్దున లేవగానే పక్క మీంచి: "మార్పేమన్నా ఉందా?" మేము రోజూ చెప్పే జవాబూ ఒకటే: "కాస్త మార్పు కనపడుతోంది" లేదంటే "మార్పేం లేదు." మార్పు ఉందంటే వాళ్ళ మొహం విప్పారేది, లేదంటే నాలుక చప్పరించి వెళ్ళిపోయేవాళ్ళు. ఈ మాట ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, మమ్మల్ని ముంచబోయింది ఆ మాటే.

ఆ రోజు డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"ఒక దారి ఉంది. మొదట బాగా పనిచేసిన ఆ మందే మళ్ళీ ఇవ్వొచ్చేమో చూద్దాం."

"పనిచెయ్యడం మానేసిందన్నారు కదమ్మా?" అన్నాను.

"మానేసింది. గడ్డలో కణాలన్నీ ఒకే రకం కావమ్మా. మందుకి లొంగేవి చచ్చిపోయాయి. లొంగని మొండివి కొన్ని మిగిలి పెరిగాయి. వాటిలో మ్యుటేషన్ ఉంటుంది, అంటే జన్యువులో ఒక తేడా, అదే వాటి బలం. ఇప్పుడు అయిదు నెలలుగా ఆ మందు ఆపాం కాబట్టి మొండివి తగ్గిపోయి ఉండొచ్చు. తగ్గాయో లేదో తెలీకుండా మందు ఎక్కిస్తే, లేనిపోని బాధ తప్ప ఫలితం ఉండదు."

"మళ్ళీ సూది గుచ్చి ముక్క తీస్తారా?" ఆయనకి కిందటిసారి కాలేయంలోంచి తీసిన బాధ గుర్తుంది.

"అక్కర్లేదు. గడ్డ తన తునకలు రక్తంలోకి వదులుతూ ఉంటుంది. రెండు గొట్టాల రక్తం తీసి పంపిస్తే, ఆ తునకల్లో మ్యుటేషన్ ఉందో లేదో చూస్తారు."

ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. ఎన్నాళ్ళకో ఆ కళ్ళల్లో పని తెలిసిన మనిషి కనపడ్డాడు. "అంటే రోడ్డు తవ్వకుండా నీళ్ళని బట్టి చెప్పడం అన్నమాట."

"సరిగ్గా అదే."

"మరి వినపడలేదంటే లేదని కాదు కదమ్మా? గొట్టంలో ఒత్తిడి తక్కువుంటే లీకున్నా మూలగదు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి ఆయన వంక చూసింది. "మీరు మా కాలేజీలో చేరాల్సింది. కనపడకపోతే అసలు లేవని రాసివ్వలేను. గడ్డ తునకలే రక్తంలోకి రాకపోతే పరీక్ష మోసపోవచ్చు. మీ గడ్డ బాగానే వదులుతోంది కాబట్టి నమ్మొచ్చు. ఇదేమీ జబ్బుని తుడిచేసే మందు కాదు. కుదిరితే కొన్ని నెలలు. ఇంకోటి, కాలేయం మీద భారం పెరుగుతోంది. కళ్ళు పచ్చబడ్డాయంటే ఇక ఏ మందూ ఎక్కించలేను. అందుకే రిపోర్టు రాగానే మొదలుపెట్టాలి."

రక్తం తీసిన నర్సు ఆ రెండు గొట్టాల్నీ పసిపిల్లని పక్క మార్చినట్టు మెల్లగా తలకిందులు చేసి, మళ్ళీ నిలబెట్టి, అలా పదిసార్లు తిప్పింది. "గట్టిగా ఊపితే పాడవుతుంది, ఊపకపోతే గడ్డకడుతుంది" అంది. ఆయన కళ్ళార్పకుండా చూశారు. పని తెలిసినవాళ్ళంటే ఆయనకి గౌరవం.

రిపోర్టు రావడానికి రెండు వారాలు. ఆ రెండు వారాలూ నేను కాలు కాలిన పిల్లిలా తిరిగాను. పొద్దున లేవగానే ఆయన్ని కిటికీ దగ్గర నిలబెట్టి, కింది రెప్ప లాగి కళ్ళల్లోకి చూసేదాన్ని.

"ఏంటే, బావిలోకి తొంగిచూసినట్టు?"

"కదలకండి."

"ఏమన్నా బకెట్టు పడేసుకున్నావా అందులో?"

ఆయన వేళాకోళం ఆయనది, నా గుండె దడ నాది. తెలుపు తెలుపుగానే ఉంటే ఆ రోజుకి బతికినట్టు. ఎండ పసుపుగా పడితే ఇంకో కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి మళ్ళీ చూసేదాన్ని.

పదమూడో రోజు, శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. నేను వంటింట్లో ఉన్నాను. ఆయనే తీశారు. "ఆఁ... ఆఁ... అలాగేనమ్మా" అని మూడు మాటలు వినపడ్డాయి. చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి ఉంది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"ఏమన్నారండీ?"

"మార్పు లేదంట."

వెనక వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"సోమవారం పదింటికి రమ్మన్నారు. డాక్టరమ్మ మాట్లాడుతుందంట."

"వెళ్దామండీ."

"ఎందుకు? అయ్యో పాపం అనిపించుకోడానికా? అది ఆవిడకి కష్టం, నాకు కష్టం." అని ఫోన్ ఆపేసి సొరుగులో పడేశారు. "ఇంకెవ్వరూ మార్పేమన్నా ఉందా అని అడక్కుండా ఉంటే అదే పదివేలు."

ఆయన కోప్పడే మనిషైతే నేనూ అరిచి గొడవచేసి లాక్కెళ్ళేదాన్ని. కోపం లేదు. మెత్తగా, అన్నీ సర్దుకుంటున్నట్టు మాట్లాడుతుంటే ఏ వైపు నుంచి పట్టుకోవాలో తెలీలేదు. శనివారం రాడ్డుకి నూనె రాశారు. ఆదివారం చొక్కాల్లో మంచివి రెండు తీసి గునపానికని పక్కన పెట్టారు. "వాడికి చేతులు పొట్టవుతాయి, నువ్వు కొసలు విప్పి కుట్టు" అన్నారు. నేను సరే అన్నాను. సూదిలో దారం ఎక్కలేదు.

సోమవారం పది గంటలు గోడ గడియారంలో కొట్టాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

బుధవారం పొద్దున కిటికీ దగ్గర రెప్ప లాగాను. కొసల్లో, ముక్కు వైపు, పలచగా ఏదో రంగు. రెండో కిటికీ దగ్గరా ఉంది. గుమ్మంలోకి తీసుకొచ్చినా ఉంది.

"ఏముందే?"

"ఏం లేదు."

"నీకు అబద్ధం చెప్పడం రాదు. నా చెవికి తెలిసిపోతుంది" అని కళ్ళు మూసుకున్నారు.

గురువారం ఆయన రాడ్డు పట్టుకుని బయల్దేరారు. సెలవులో ఉన్నా సరే. అచ్చాఫీసు వీధిలో మూడు నెలలుగా ఒక లీకు దొరకడం లేదట. కొత్తగా వచ్చిన ఇద్దరు విన్నారు, గునపం మూడుసార్లు తవ్వాడు, మూడుసార్లూ పొడి మన్నే. "అది చూపించి రాడ్డు వాడికి ఇచ్చేసి వస్తా" అన్నారు. ఆయన అటు వెళ్ళగానే నేను చెప్పులేసుకున్నాను.

"ఎక్కడికే?" అంది వదిన.

"నొప్పి మాత్రలు అయిపోయాయి. చీటీ రాయించుకొస్తాను."

నిజంగానే దానికే వెళ్ళాను. రాబోయే రోజుల్లో నొప్పి ఎలా ఉంటుందో, ఏం ఇవ్వాలో అడుగుదామని వెళ్ళాను. ఇంకో ఆశ నాలో ఉందని అబద్ధం రాయను.

డాక్టరమ్మ నన్ను చూడగానే లేచి నిలబడింది. "ఏమ్మా, మీరేం మనుషులు? సోమవారం నుంచి ఫోన్ చేస్తున్నాం, ఆపేసి ఉంది. ఆయనేరి?"

"రానన్నారమ్మా. మార్పు లేదన్నారు కదా, ఇక..."

"లేదు కాబట్టే కదా రమ్మంది!"

నాకు అర్థం కాలేదు.

"మ్యుటేషన్ లేదమ్మా. మొండివి కనపడలేదు. ఆ మందు మళ్ళీ ఇవ్వొచ్చు. మీకు ఫోన్లో ఏం చెప్పారు?"

"మార్పు లేదని..."

డాక్టరమ్మ తలుపు తీసి రిపోర్టుల గదిలో అమ్మాయిని పిలిచింది. ఆ పిల్ల వచ్చి, సంగతి విని, తెల్లబోయింది. "మ్యుటేషన్ అంటే వాళ్ళకి తెలీదేమోనని, మామూలు మాటల్లో మార్పు అన్నాను మేడమ్. మార్పు ఏమీ కనపడలేదండీ, సంతోషం అని కూడా అన్నాను."

ఆ సంతోషం అన్న మాట ఆయన విననేలేదు. మార్పు లేదన్నాక ఇంకేం వింటారు? రెండేళ్ళుగా మా ఇంట్లో ఆ మాటకి ఒకటే అర్థం. ఆ పిల్లనేమంటాను. మేలు చెయ్యబోయింది.

"కళ్ళు ఎలా ఉన్నాయి?" అంది డాక్టరమ్మ.

చెప్పాను.

ఆవిడ గడియారం చూసింది. "పన్నెండైంది. రెండు లోపల తీసుకురండి. రక్తం తీసి కాలేయం ఎంతలో ఉందో చూస్తాను. హద్దు దాటకపోతే ఇవాళే ఎక్కిస్తాను. దాటితే నా చేతిలో లేదు. పరుగెత్తండి."

పరుగెత్తాను. బస్సులో కూర్చోలేక తలుపు దగ్గర నిలబడ్డాను. కండక్టరు రెండుసార్లు లోపలికి రమ్మని కసిరాడు. ఆరు రోజులు. మార్పు లేదన్న ఒక్క మాట పట్టుకుని ఆరు రోజులు, ఆ కళ్ళల్లోకి పసుపు ఎక్కుతుంటే చూస్తూ కూర్చున్నాను. చొక్కా కొసలు విప్పుతూ కూర్చున్నాను.

అచ్చాఫీసు వీధి సన్నది. ఒక పక్క సైకిళ్ళు బాగుచేసే కొట్టు, ఒక పక్క రొట్టెల కొట్టు, రోడ్డు మధ్యలో మూడు పాత గోతుల మచ్చలు. వీధి చివర జనం గుండ్రంగా నిలబడి ఉన్నారు. మధ్యలో ఆయన. కళ్ళు మూసుకుని, చెవి రాడ్డుకి ఆనించి, కుడి అరచెయ్యి గాల్లో.

గునపం నన్ను చూసి నోటి మీద వేలేసుకున్నాడు.

ఆగాను. అలవాటైపోయిన కాళ్ళు, వాటంతట అవే ఆగిపోయాయి. అచ్చాఫీసులో యంత్రాలు కూడా ఆపించినట్టున్నారు, చడీచప్పుడూ లేదు. ఆయన పెదవులు కొద్దిగా కదులుతున్నాయి. చెయ్యి దిగడం లేదు. నిమిషం. ఇంకో నిమిషం. నా నోట్లో మాట నిప్పులా ఉంది. పెళ్ళైనప్పట్నుంచీ ఆ చెయ్యి లేచి ఉండగా నేను గట్టిగా ఊపిరి కూడా తీయలేదు.

"ఏమండీ!" అని అరిచాను. "మార్పు లేదంటే మంచిదంట!"

వీధంతా నా వైపు తిరిగింది. ఆయన కళ్ళు తెరిచి, కోపంతో ఎర్రబడ్డారు. "దొరికిందే! ఇప్పుడే దొరికింది, సన్నగా..."

"మీ లీకు తగలెయ్య! మొండివి లేవంట మీ రక్తంలో! పాత మందు ఇస్తారంట! మార్పు అంటే ఆ మార్పు కాదంట!"

"చెల్లెమ్మా, కాస్త నెమ్మదిగా," అన్నాడు గునపం. "మార్పు లేకపోతే మంచెలా అవుతుంది?"

చెప్పాను. ఒకసారి తప్పుగా, ఒకసారి ఏడుస్తూ, మూడోసారికి సరిగ్గా చెప్పాను. సైకిలు కొట్టతను ముందు అర్థం చేసుకుని, "ఓహో, గొట్టంలో తుప్పు లేదని చెప్తే, వీళ్ళేమో నీళ్ళు లేవనుకున్నారు" అన్నాడు.

ఆయన రాడ్డుని చెవి మీంచి దించారు. "అయితే నేను ఆరు రోజులు ఊరికే చచ్చానా?" అన్నారు.

"ఊరికే కాదు బావా, నాకు రెండు చొక్కాలు మిగిలాయి," అన్నాడు గునపం. "అవి మాత్రం తిరిగివ్వను."

నేను చెయ్యి పట్టుకుని లాగుతుంటే, "ఒక్క నిమిషమే" అని వంగి, జేబులోంచి సుద్దముక్క తీసి రోడ్డు మీద గుండ్రంగా గీశారు. నాకు ఆ సుద్దని లాక్కుని కాలవలో పారెయ్యాలనిపించింది. గీసి లేస్తుంటే తూలారు. ఎండలో ఆయన కళ్ళు చూశాను. బుధవారం కంటే పసుపు ఎక్కువే ఉంది.

రెండు కావడానికి పది నిమిషాలుందనగా ఆసుపత్రి మెట్లెక్కాం. రక్తం తీశారు. ఫలితానికి గంట పడుతుందన్నారు. బయట బెంచీ మీద కూర్చున్నాం. ఆయన నా చెయ్యి తీసుకుని తన అణిగిన చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నారు.

"ఏం వింటున్నారు?"

"నీ నాడి. మెయిన్ గొట్టం పగిలినట్టు కొట్టుకుంటోంది."

నవ్వు రాలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడ్డాను. ఎవరెవరో వచ్చారు, పోయారు. ఆ గంట గంటన్నర అయింది. చివరికి డాక్టరమ్మే బయటికొచ్చింది, చేతిలో కాగితం.

"హద్దు మీద ఉంది," అంది. "ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే చెప్పలేను. ఇప్పుడు ఎక్కిద్దాం."

సీసాలోంచి మొదటి చుక్క గొట్టంలోకి జారుతుంటే ఆయన దాన్నే చూస్తూ, "లీకు లేకుండా బిగించావా తల్లీ?" అని నర్సుని అడిగారు. అప్పుడు నవ్వాను.

సాయంత్రం గునపం నేరుగా ఆసుపత్రికే వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. మాకేం చెప్పనక్కర్లేకపోయింది.

పదో రోజుకి ఆయన నుదుటి మీద ఒకటి, ముక్కు పక్కన రెండు, ఎర్రగా లేచాయి. నేను లెక్కపెడుతుంటే వదిన ముచ్చటపడి, "మళ్ళీ ఈడొచ్చిందే వీడికి" అంది. కళ్ళల్లో తెలుపు తిరిగి వచ్చింది. రెండో నెలలో తీసిన స్కానులో గడ్డలు తగ్గాయి. నొప్పి మాత్రలు మూడు నుంచి ఒకటికి వచ్చాయి. మెల్లగా ఆఫీసుకీ వెళ్ళొచ్చారు, కొత్తవాళ్ళకి వినడం నేర్పారు. ఒకాదివారం నన్ను కూడా తీసుకెళ్ళి రాడ్డు చెవికి ఆనించి వినమన్నారు. నాకేమీ వినపడలేదు. "అది మంచి గొట్టం. అలాగే ఉండాలి" అన్నారు.

ఏడు నెలలు. డాక్టరమ్మ కొన్ని నెలలంది, మాకు ఏడొచ్చాయి. నేను సగం విప్పి వదిలేసిన చొక్కాల చేతుల్ని గునపం తనే కుట్టించుకున్నాడు.

ఏడో నెల చివర స్కానులో ఒక మచ్చ పెద్దదైంది. డాక్టరమ్మ మళ్ళీ రెండు గొట్టాల రక్తం తీయించింది. ఈసారి మేము గడియారం వంక చూడలేదు. కిటికీ వంక కూడా చూడలేదు. ఏమొచ్చినా ఇద్దరం కలిసే విందామని అనుకున్నాం.

కానీ ఫోన్ వచ్చినప్పుడు నేను మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. ఆయన స్నానంలో ఉన్నారు. వదిన తీసింది. మేము చెప్పిన అర్థాలేవీ వదిన బుర్రలో నిలవలేదు. ఆసుపత్రిలో మాకు తెలిసిన అమ్మాయి సెలవులో ఉందట, ఇంకెవరో మాట్లాడారట.

"మరదలా! ఒసేయ్ మరదలా!" అని మెట్ల కింద నుంచి కేక. "మార్పొచ్చిందంట! మార్పు కనపడిందంట! దిగవే!"

తడి చీర ఒకటి నా చేతిలోనే ఉండిపోయింది. దాన్ని పట్టుకునే కిందికి దిగాను. ఆయన తల తుడుచుకుంటూ గదిలోంచి వచ్చారు. వదిన ఆయన రెండు బుగ్గలూ పట్టుకుని ఊపేస్తోంది. "విన్నావట్రా? మార్పొచ్చిందిరా! రెండున్నరేళ్ళుగా అడుగుతున్నాను, ఇవాళ్టికి ఆ మాట విన్నాను!"

ఆయన నా వంక చూశారు. నేను వదినకి చెప్పాలని నోరు తెరిచాను.

ఆయన కుడి అరచెయ్యి మెల్లగా పైకి లేచింది.

ఆగిపోయాను.

"అవునక్కా. వచ్చింది," అన్నారు. "టీ పెట్టు. చక్కెర ఎక్కువెయ్యి."

వదిన పాట పాడుకుంటూ టీ పెట్టింది. ముగ్గురం తాగాం. అంత తియ్యటి టీ నేను మింగలేకపోయాను గానీ, గ్లాసు ఖాళీ చేశాను. వదిన గోడ మీంచి పక్కింటావిడకి చెప్పింది, గుమ్మంలో నిలబడి పాలతనికి చెప్పింది. ఎవరికి చెప్పినా వాళ్ళ మొహాలు విప్పారాయి. ఆయన కుర్చీలో కూర్చుని అక్క సంతోషం వింటున్నారు, మంచి గొట్టం విన్నట్టు.

ఆ తర్వాత మూడు నెలల పది రోజులున్నారు. రాడ్డు గునపం దగ్గరుంది.

వదిన ఇప్పటికీ పొద్దున లేవగానే పక్క మీంచి అడుగుతుంది. మాట మారింది అంతే. "మార్పొచ్చిందన్నారు కదే. నా చెవులతో నేనే విన్నాను కదే. మరి ఎందుకు పోయాడు వాడు?"

చెబుదామని రోజూ నోరు తెరుస్తాను. ఆ చెయ్యి ఇంకా దిగలేదు.